అద్దములోని చదరంగము

చదరంగమున ఎదుటివాడు వేసిన ఎత్తునే తానును వేయుచు పోవుట చేతకానివాని పని యని పలువురు తలంతురు. అట్టివారికి నే నొక యాటను చూపదలచితిని. అది 1972 జూలై 27వ తేదీన ఐస్‌లండు రాజధానియగు రెయిక్యవిక్ నగరమున, ప్రపంచ విజేత బిరుదమునకై జరిగిన పోటీలో ఎనిమిదవ యాట. తెల్ల పావులు అమెరికా దేశీయుడగు బాబీ ఫిషరువి. నల్లవి 1969 నుండి విజేతయై యుండిన సోవియటు ఆటగాడు బోరిస్ స్పాస్కీవి. అప్పటికి ఫిషరునకు నాలుగు పాయింట్లు, స్పాస్కీకి మూడు. ఈ యొక్క యాట గెలిచినచో స్పాస్కీ సమానుడగును.

ఫిషరు సాధారణముగ రాజు ముందరి బంటుతోనే ఆట ప్రారంభించువాడు. ఆనాడు మంత్రివైపు శకటు ముందరి బంటును రెండు గడులు నడిపెను. (మన నాటు ఆటలో బంటు తొలుత ఒక్క గడియే జరుగును గదా!) స్పాస్కీయు నట్లే నడిపెను. పిదప గుర్రములు, రాజువైపు గుర్రము ముందరి బంట్లు, ఆ బంట్లు విడిచిన గడులలోనికి శకటులు. ఆరవ ఎత్తునకు రాజు లిద్దరును కోటలు చేరిరి. బల్ల నడుమ అద్దము నిలిపినట్లే యుండెను.

ఏడవ ఎత్తున ఫిషరు మంత్రి ముందరి బంటును రెండు గడులు త్రోసి, ఆ పోలికను చెరిపివేసెను. కొన్ని పావులు మారినవి. అసలు కథ పదునైదవ ఎత్తున నున్నది. స్పాస్కీ మంత్రివైపు గుర్రపు బంటును రెండు గడులు ముందునకు నడిపెను. అంతదాక మూలనుండి మూలకు చూచుచున్న ఫిషరు శకటునకు ఆ బంటే అడ్డు. అది తొలగగానే ఫిషరు రెండవ శకటును పంపి ఏనుగును పట్టెను. ఏనుగు పోదగిన గడులన్నియు ఫిషరు శకటుల చూపులోనివే. మూడవవైపున తన రెండవ ఏనుగే అడ్డము! శకటునకు బదులు ఏనుగు పోయెను. తెలిసియే బలి యిచ్చెనని కొంద రనిరి. నాకట్లు తోచదు, దానికై దక్కినది ఒక్క బంటు మాత్రమే.

ఆ బంటును నిలువలేదు. పందొమ్మిదవ ఎత్తున స్పాస్కీ గుర్రమును వెనుకకు జరుపగా, ఫిషరు తన గుర్రమును నడుమకు దుమికించి, మంత్రులకు దారి తెరచెను. స్పాస్కీ మంత్రిని తీసికొనెను. ఫిషరు వెంటనే తిరిగి తీయక, ముందు గుర్రముతో ఒక బంటును గొట్టి, రాజునకు షా చెప్పి, తరువాతనే మంత్రిని తీసికొనెను. ఎంతటి ఓర్పు!

ముప్పదియేడవ ఎత్తునకు స్పాస్కీ ఓటమి నంగీకరించెను. లెక్క 5–3 ఆయెను. తుదకు ఫిషరు 12½–8½ తో బిరుదమును గెలిచెను.