బండి పక్కకి లాగుతోందా?



కారు సంగతులు ఆడవాళ్ళకెందుకండీ అనేవారు ఇంకా ఉన్నారు. వారితో తగవు పెట్టుకునే తీరిక నాకు లేదు. మన వైపు ఇప్పుడు కారు నడిపే స్త్రీలు చాలామందే ఉన్నారు. నడపనివారి ఇళ్ళలో కూడా టైర్లకు డబ్బు లెక్కపెట్టి ఇచ్చేది తరచు మనమే. పైగా బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతాల్లో చాలాచోట్ల రోడ్డుకి ఒక పక్క కాలవ ఉంటుంది. స్టీరింగు కాస్త వదిలితే బండి ఆ కాలవవైపే నడుస్తానంటే, ఆ సంగతి టైరు ఖర్చుతో తీరిపోదు. అంచేత ఈవేళ వీల్ ఎలైన్‌మెంటు గురించీ, ఆ పని చేసే షాపువాళ్ళతో మాట్లాడవలసిన తీరు గురించీ చెప్తాను.

మన డెల్టాలో చాలాచోట్ల నేల నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు తీస్తుంది. ఎంత బాగా వేసిన రోడ్డయినా కొన్నాళ్ళకు అలల్లా లేస్తుంది, గుంటలు పడుతుంది. ఆ గుంటల్లో చక్రం దబ్బున పడుతూ ఉంటే దాన్ని పట్టి ఉంచే కడ్డీలూ కీళ్ళూ అరుగుతాయి, ఒక్కోసారి వంగుతాయి. చక్రం ఉండవలసిన వాలు నుంచి ఎంత తప్పిందో కొలిచి సరిచేయటమే ఎలైన్‌మెంటు. బాలెన్సింగు వేరే పని. బండి వేగంలో స్టీరింగు వణికితే ముందు అది చూపించాలి. పక్కకి లాగుతుంటే మాత్రం మొదట చక్రాల్లో గాలి చూడండి. గాలి తగ్గితే కూడా బండి ఆ పక్కకే పోతుంది. వాననీరు జారటానికి రోడ్డు నడిమికంటే అంచులు పల్లంగా ఉంటాయి కనుక, ఎడమవైపు నడిచే బండి కొద్దిగా ఎడమకి జరగటం కూడా సహజమే.

కొలతలు ముఖ్యంగా మూడు. మొదటిది టో. మనం నడిచేటప్పుడు పాదాల ముందుభాగాలు లోపలికి తిరిగి ఉన్నాయా, బయటికి తిరిగి ఉన్నాయా అన్నట్టు, ముందు చక్రాలను పైనుంచి చూస్తే కనిపించే తేడా ఇది. రెండోది కాంబర్. దొడ్డికాళ్ళవాళ్ళని ఎదురుగా నిలబడి చూసినట్టు చూడాలి. చక్రం పై అంచు లోపలికి వాలితే మైనస్, బయటికి వాలితే ప్లస్. మూడోది కాస్టర్. సైకిలు ముందు ఫోర్కు నిటారుగా ఉండక కాస్త వాలి ఉంటుంది చూశారా! పిల్లలు చేతులు వదిలేసి తొక్కగలిగేది చాలావరకు ఆ వాలు పుణ్యమే. కారులో కూడా మలుపు తిరిగాక స్టీరింగు తనంతట తాను వెనక్కి వచ్చేది కాస్టర్ వల్లనే. ఇది తప్పితే టైరు పెద్దగా అరగదు గాని, రెండువైపులా సమానంగా లేకపోతే బండి లాగుతుంది.

టైరుని తినేసేది ముఖ్యంగా టో. ఈ కోణాలను డిగ్రీలలోనూ నిమిషాలలోనూ చెప్తారు. డిగ్రీకి 60 నిమిషాలు. చక్రం ఒక్కొక్కటి 10 నిమిషాలు తప్పి ఉందనుకోండి. వినటానికి ఏమీ కాదు. లెక్క వేస్తే, కిలోమీటరు నడిచేసరికి టైరు రోడ్డుమీద దాదాపు మూడు మీటర్లు అడ్డంగా ఈడ్చుకుపోయినట్టే. బందరు నుంచి బెజవాడ సుమారు 70 కిలోమీటర్లు. ఒక్కసారి వెళ్ళేసరికి రెండు వందల మీటర్లు! పాత చెప్పు అరిగిన తీరు చూసి మనిషి నడక చెప్పినట్టే, టైరు చూసి చెప్పవచ్చు. టో తప్పిన టైరు మీద అరచెయ్యి అడ్డంగా రాస్తే ఒకవైపు నున్నగా, ఎదురువైపు రంపంలా గీరుకుంటుంది. తీగలు బయటపడిన టైరు మీద మాత్రం చెయ్యి పెట్టకండి.

మా వీధిలో ఒక పిన్నిగారి అబ్బాయి టాక్సీ తిప్పుతాడు. బండి మీద బ్యాంకు వాయిదాలున్నాయి. కొత్తగా వేసిన ముందు టైర్లు నాలుగు నెలల్లో లోపలి అంచున తీగలు తేలాయి. రెండుసార్లు ఎలైన్‌మెంటు చేసిన షాపాయన, "టైర్ల కంపెనీ మంచిది కాదమ్మా" అని తేల్చేశాడు. కాగితం ఒక్కసారీ ఇవ్వలేదు. పిన్నిగారు నన్ను తోడు తీసుకుని ఇంకో షాపుకి వెళ్ళారు. అక్కడి కుర్రాడు మిషను పెట్టకముందే చక్రాన్ని పైకి లేపి, రెండు పక్కలా పట్టుకుని ఊపి చూశాడు. టకటకమంది. టై రాడ్ కొసన ఉండే కీలు వదులై ఉంది. కీలు వదులుగా ఉంటే ఎన్ని కొలతలు సరిచేసినా షాపు గుమ్మం దాటేసరికి మళ్ళీ మామూలే. ఆ కీలు మార్చాక చేసిన ఎలైన్‌మెంటు నిలిచింది. కొత్త టైర్లకి మాత్రం పిన్నిగారు చీటీ డబ్బు తియ్యవలసి వచ్చింది.

కాబట్టి అడగవలసింది ముందు కీళ్ళ సంగతి, తరవాత కాగితం. "పని చేయకముందు కొలతా, చేసిన తరవాత కొలతా రెండూ ఇవ్వండి బాబూ" అని మొదటే చెప్పండి. కాగితం మీద మీ కారు పేరూ మోడలూ సరిగా ఉన్నాయో లేదో చూడండి. వేరే మోడలు ఎంచుకుంటే ఆకుపచ్చ రంగు వచ్చినా ప్రయోజనం లేదు. ఆకుపచ్చ అంటే హద్దులో ఉందని, ఎరుపంటే దాటిందని. ఎడమ కాంబర్ ప్లస్ అర డిగ్రీ, కుడి మైనస్ అర డిగ్రీ అయితే రెండూ ఆకుపచ్చలోనే ఉండవచ్చు, బండి మాత్రం ఎడమకి లాగుతుంది. కుడి, ఎడమ అంకెలు పక్కపక్కన పెట్టి చూడటం అందుకే. ఇంకొకటి. 0.10 అని ఉంటే అది పది నిమిషాలనుకోకండి. చుక్క పెట్టి డిగ్రీలో భాగంగా రాస్తే అది 6 నిమిషాలే.

మన ఇళ్ళలో ఉండే చిన్న కార్లలో చాలావాటికి మామూలుగా సరిచేసే వీలున్నది ముందు చక్రాల టో ఒక్కటే. కాంబర్, కాస్టర్ కంపెనీలో బిగించినట్టే ఉంటాయి. "కాంబర్ కరెక్షన్ చేస్తాం" అని విడిగా డబ్బడిగితే, ఎలా చేస్తారో అడగండి. బోల్టు వదులు చేసి జరిపేదా, జాకీ పెట్టి వంచేదా? వంచేదైతే నేను ఒప్పుకోను. వంగిన భాగముంటే మార్చాలిగాని, దాన్ని ఎదురు వంచితే బలం తగ్గుతుంది. వెనక చక్రాల కొలత ఎర్రగా వస్తే పాత దెబ్బ ఏదో తగిలిందేమో అని అనుమానించాలి. పాత కారు కొనేవారు బేరం ముగించకముందు ఒక ఎలైన్‌మెంటు కాగితం తీయించుకుంటే ఈ గుట్టు బయటపడుతుంది.

పనయ్యాక డబ్బు ఇచ్చేముందు షాపతన్ని పక్కన కూర్చోబెట్టుకుని తిన్నని రోడ్డు మీద ఒక కిలోమీటరు నడపండి, లేదా నడిపించండి. బండి తిన్నగా పోతున్నప్పుడు స్టీరింగు వంకరగా ఉంటే పని పూర్తి కాలేదన్నమాట. మళ్ళీ ఎక్కించమనండి. కాగితం మీద ఆనాటికి తిరిగిన కిలోమీటర్లు రాసి బండిలోనే దాచండి. వచ్చేసారి మొదట చూపించవలసింది అదే.