భీం పేరొక్కటే సరిపోదు
(సంఘం సభలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

 

మేము హాస్టల్ నడిపేవాళ్లం. పొద్దున హాజరు, మధ్యాహ్నం సరుకుల లెక్క, రాత్రి స్టడీ అవర్. ప్రొఫెసర్లలా చరిత్ర చెప్పలేం. కానీ మన పిల్లలు మన గురించి ఏం తెలుసుకుని హాస్టల్‌కు వస్తున్నారో, ఏం తెలియకుండానే పదో తరగతి పాసై వెళ్లిపోతున్నారో రోజూ చూస్తున్నాం. అందుకే మా అభిప్రాయాలు కొన్ని మీ ముందు పెడుతున్నాం. ఒప్పుకోకపోతే వాదించండి, సంతోషిస్తాం.

మొదట భీం సంగతి. 2022లో ఆర్ఆర్ఆర్ సినిమా వచ్చాక భీం పేరు తెలియని పిల్లవాడు లేడు. మంచిదే. అయితే ఆ సినిమాలో అల్లూరి సీతారామరాజు, భీం స్నేహితులు. అది కల్పన. అల్లూరి అమరుడైంది 1924లో, భీం అమరుడైంది 1940లో. భీం పోరాడింది ఢిల్లీలో తెల్లదొరలతో కాదు. జోడేఘాట్ కొండల్లో నిజాం సర్కారు అటవీ సిబ్బందితో, పోలీసులతో పోరాడాడు. పశువులు మేపితే పన్ను, కట్టె తెచ్చుకుంటే పన్ను, దున్నుకున్న నేల మీద మాత్రం హక్కు లేదు. పన్నెండు గూడేల మీద మా హక్కు మాకు వదలండి అని ఆయన అడిగాడు. జల్, జంగల్, జమీన్ అనే మూడు మాటలు ఆ గూడేల నుంచి వచ్చినవే.

ఆయన ఇంటిపేరును మనం కుమ్రం అంటాం. పుస్తకాల్లో కొమురం, కొమరం, కుమురం అని రకరకాలుగా రాస్తారు. వర్ధంతి తేదీ కూడా పుస్తకానికొక తీరుగా ఉంటుంది. మన పెద్దలు మాత్రం ఏటా ఆశ్వయుజ పౌర్ణమి నాడే జోడేఘాట్‌లో దీపం పెడతారు. ఆ పౌర్ణమి లెక్క కూడా ఒక ఆధారమే అని మా అభిప్రాయం. కాగితం మీద లేనిదంతా అబద్ధం కాదు. కానీ మనం కాగితం మీద పెట్టకపోతే రేపు ఎవరో రాసిందే నిజమవుతుంది.

జోడేఘాట్ తర్వాత ఏమైందో చాలామంది చెప్పరు. ఆదివాసులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోమని నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్ అనే మానవ శాస్త్రవేత్తను మన దగ్గరికి పంపింది. ఆయన మార్లవాయిలో ఉండి రిపోర్టులు రాశాడు. ఆ తర్వాతే మనవాళ్లకు పట్టాలు వచ్చాయి, 1946 ప్రాంతంలో గిరిజన ప్రాంతాల రెగ్యులేషన్ వచ్చింది. తర్వాత 1959 భూ బదలాయింపు నిబంధనలు, వాటికి 1970లో చేసిన సవరణ వచ్చాయి. మనం వన్ ఆఫ్ సెవెంటీ అనేది ఆ సవరణనే. మీ ఇంట్లో ట్రంకు పెట్టె అడుగున ఉన్న పట్టా కాగితానికి, జోడేఘాట్‌లో పారిన నెత్తురుకు ఉన్న సంబంధం ఇదీ. ఇంటికి వెళ్లాక ఆ కాగితం తీసి చదవండి. సర్వే నంబరు, ఎకరాలు, ఎవరి పేరున ఉందో నోటుబుక్కులో రాసుకోండి. చరిత్ర అక్కడే మొదలుపెట్టవచ్చు.

మార్లవాయిలో ఇంకో పని జరిగింది. 1940లలో అక్కడ గోండు యువకులకు టీచర్ ట్రైనింగ్ ఇచ్చారు. గోండిలో వాచకాలు తయారు చేశారు, దేవనాగరి లిపిలో. టీచర్ ట్రైనింగ్ చదివిన మాకు ఇది గుర్తొచ్చినప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది. ఎనభై ఏళ్ల కిందట సాధ్యమైనది ఇప్పుడు ఎందుకు కష్టమవుతోంది? ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని 2000లో జీవో 3 వచ్చింది. దాన్ని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. దీన్ని ఉద్యోగాల లెక్కగానే చూస్తే సగమే చూసినట్టు. ఇంట్లో గోండి, కొలామి మాట్లాడే ఆరేళ్ల పిల్లకు మొదటిరోజు బడిలో ఎవరి మాట అర్థమవుతుందన్నది అసలు లెక్క.

లిపి సంగతీ అంతే. నార్నూర్ మండలం గుంజాలలో పాత రాతప్రతులు దొరికాయి. ఆ గుంజాల గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దక్కింది. అంటే మన అక్షరం ఇప్పుడు ఫోన్‌లోకి రాగలదు. మీలో ఎంతమంది మీ పేరు అందులో రాయగలరు? గుంజాల మనకు దూరం కూడా కాదు.

ఇక ఇంద్రవెల్లి. 1981 ఏప్రిల్ 20, సోమవారం, సంత రోజు. భూముల కోసం సభ పెట్టుకుంటే అనుమతి లేదన్నారు, కాల్పులు జరిపారు. సర్కారు లెక్కలో చనిపోయినవారు 13 మంది. ఊళ్లలో చెప్పుకునే లెక్క అంతకు చాలా ఎక్కువ. 1983లో స్తూపం కట్టారు, 1986లో దాన్ని కూల్చారు, మరుసటి ఏడాది ఐటీడీఏ మళ్లీ కట్టింది. ఎన్నో ఏళ్లపాటు ఏప్రిల్ 20న అక్కడ ఆంక్షలే, పోలీసులే. 2024 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి అక్కడికి వచ్చి నివాళి అర్పించారు. ఒకప్పుడు పువ్వు పెట్టనివ్వని చోట ఇప్పుడు ప్రభుత్వమే పువ్వు పెడుతోంది. ఇది చిన్న మార్పు కాదు. అయితే అమరుల పేర్లన్నీ, ఊర్లన్నీ ఎవరు రాస్తారు? ఆనాడు ఇరవై ఏళ్లున్నవారికి ఇప్పుడు అరవై దాటింది. వాళ్లు పోయాక రాతిని అడిగితే చెప్పదు.

రాజకీయం మాట్లాడవద్దు, హాస్టల్ మేడం కదా అంటారు కొందరు. ఏ పార్టీకి ఓటెయ్యాలో మేము చెప్పం. ఎలా చూడాలో మాత్రం చెబుతాం. ప్రతి పార్టీ భీం విగ్రహానికి దండ వేస్తుంది. 2016లో జిల్లాకు ఆయన పేరు పెట్టారు, జోడేఘాట్‌లో మ్యూజియం కట్టారు. అది గౌరవమే, కాదనం. 2025 మే నెలలో జీవో 49 వచ్చింది. ఆసిఫాబాద్ జిల్లాలో కవ్వాల్‌కు, తాడోబాకు మధ్యనున్న అడవిని పులుల కోసం కన్జర్వేషన్ రిజర్వ్ చేస్తామన్నారు. దానికి పెట్టిన పేరేమిటో తెలుసా? కుమురం భీం పేరే. అడవి మీద హక్కు అడిగి చనిపోయినవాడి పేరుతో, అడవిలో మన హక్కు ఏమవుతుందో అని ఊళ్లు భయపడే ఉత్తర్వు వచ్చింది. ఆదివాసులు అడ్డం తిరిగితే జూలైలో దాన్ని నిలిపివేశారు. నిలిపివేయడం వేరు, రద్దు చేయడం వేరు. ఈ తేడా తెలిసిన పిల్లలు ఊరికి ఇద్దరున్నా చాలు.

పులి మనకు శత్రువు కాదు. మమ్మల్ని అడగకుండా రాసిన కాగితంతోనే మా పేచీ. 1996 పెసా చట్టం ఊరి సంప్రదాయాలను, సాంస్కృతిక గుర్తింపును, ఉమ్మడి వనరులను కాపాడుకునే అధికారం గ్రామసభదే అంటుంది. కాబట్టి సంస్కృతిని కాపాడటమంటే దండారిలో ఆడటం ఒక్కటే కాదు, గ్రామసభలో కూర్చోవడం కూడా. పద్దెనిమిది నిండిన ప్రతి చెల్లె అక్కడ ఉండాలి, ఆమె సంతకం ఉండాలి.

ప్రభుత్వమే అంతా చేయాలని మేము అనడం లేదు. కెస్లాపూర్‌లో నాగోబా గుడిని మెస్రం వంశస్తులు తమలో తాము చందాలు వేసుకుని రాతితో కట్టుకున్నారు. మార్లవాయి కనకరాజు గుస్సాడీ నేర్పుతూ ముసలితనం దాకా వచ్చారు, 2021లో పద్మశ్రీ పొందారు. 2024 అక్టోబరులో పోయారు. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లు ఉన్నారు కాబట్టి ఆట మిగిలింది. మన కథలు గుర్తుంచుకున్న ప్రధాన్ల కిక్రి పక్కన కూర్చుని నేర్చుకునేవాళ్లు ఎందరున్నారు? మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ తీసిన మన తాతల ఫొటోలు లండన్‌లో భద్రంగా ఉన్నాయి. మన ఊళ్లో తాత మాట మాత్రం తాతతోనే పోతోంది.

అందుకే ఈ సెలవుల్లో ఒక పని చేయండి. ఇంట్లో పెద్ద మనిషి పక్కన ఒక గంట కూర్చుని ఫోన్‌లో రికార్డు పెట్టండి. ఊరి పేరు, మనిషి పేరు, తేదీ ముందుగా చెప్పించండి. గోండిలోనే, కొలామిలోనే మాట్లాడనివ్వండి. చెరువు పేరు, గుట్ట పేరు, చేను పేరు అడగండి. ఎవరి భూమి ఎలా పోయిందో, ఎలా వచ్చిందో అడగండి. పెద్దలు వద్దన్నది బయట పెట్టకండి. రెండు కాపీలు తీసి ఒకటి ఇంట్లో, ఒకటి సంఘంలో ఉంచండి.

భీం పేరు జిల్లాకు ఉంది, చౌరస్తాకు ఉంది, రిజర్వ్‌కు కూడా పెట్టబోయారు. ఆ పేరుతో ఏం అడగాలో తెలిసినవాళ్లు మీలోంచి రావాలి. మీ హాస్టల్ అక్కలుగా మేము మీ నుంచి అంతకన్నా ఏమీ కోరం.

జై సేవా.