బియ్యం బస్తాల కోసం సబ్‌మెరైన్: జపాన్ లెక్క ఎందుకు పనిచేయలేదు?

వైజాగ్ ఆర్కే బీచ్‌లో ఐఎన్ఎస్ కురుసుర లోపలికి వెళ్లారా? 91 మీటర్ల పొడవు, కానీ మనిషి నడవడానికే ఇరుకు. అలాంటి దాంట్లో బియ్యం వేసి యుద్ధం మధ్యలోకి పంపితే? జపాన్ నిజంగానే పంపింది.

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు మన వైజాగ్, కాకినాడ మీద బాంబులు వేశాయి. అప్పుడు బంగాళాఖాతంలో వాళ్లకి ఎదురే లేదు. అదే ఏడాది చివరికి సీన్ మారిపోయింది. పసిఫిక్‌లోని గ్వాడల్‌కెనాల్ దీవికి తిండి తీసుకెళ్లే జపాన్ ఓడల్ని అమెరికా విమానాలు ముంచేశాయి. అక్కడ సైనికులు ఆకలితో చనిపోయారు. దాంతో దాడికి వాడే సబ్‌మెరైన్లతోనే సరుకు మోయించారు. తర్వాత ఆ పని కోసమే ఐ-361 క్లాస్ అని కొత్తది డిజైన్ చేశారు. మొదటిది 1944 మేలో రెడీ అయింది.

పొడవు 73.5 మీటర్లు. లోపల 60 టన్నులు, బయట 22 టన్నులు, మొత్తం 82 టన్నుల సరుకు. ఒడ్డుకి చేర్చడానికి పైన రెండు పడవలు. వినడానికి సూపర్ కదా?

ఇప్పుడు మన కృష్ణా డెల్టా లెక్కలో చూద్దాం. 82 టన్నులంటే 75 కిలోల బస్తాలు సుమారు 1,090. గుడివాడ నుంచి విజయవాడ వచ్చే పెద్ద లారీలు నాలుగైదు, అంతే! దీవిలో 20,000 మంది ఉన్నారనుకోండి. మనిషికి రోజుకి అరకిలో చొప్పున ఎనిమిది రోజుల్లో ఖాళీ. కానీ జపాన్ నుంచి ట్రక్ దీవులకి మూడు వేల కిలోమీటర్లకి పైనే. నీళ్లలో మునిగి వెళ్తే స్పీడు గంటకి 12 కిలోమీటర్లు, అంటే సైకిల్ స్పీడే. రానూపోనూ రెండు వారాలు తక్కువ కాదు. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు దీన్నే థ్రూపుట్ అనేవాళ్లం. మెషిన్ ఎంత బాగున్నా, పని జరిగే వేగం అవసరానికి సరిపోవాలి.

పైగా వెళ్లినవన్నీ తిరిగి రాలేదు. ఐ-364 మొదటి ట్రిప్‌లోనే, 1944 సెప్టెంబర్ 16న, అమెరికా సబ్‌మెరైన్ సీ డెవిల్ చేతిలో మునిగిపోయింది. 1945లో ఆరింటిని కైటెన్లు మోసేలా మార్చారు. కైటెన్ అంటే లోపల మనిషి కూర్చుని నడిపే ఆత్మాహుతి టార్పెడో. తిండి చేర్చడానికి కట్టిన సబ్‌మెరైన్, కుర్రాళ్లని చావుకి మోసుకెళ్లింది.

ఈ క్లాస్‌లో 12, పెట్రోల్ కోసం కాస్త మార్చి కట్టిన ఐ-373తో కలిపి 13. వాటిలో తొమ్మిది యుద్ధంలోనే పోయాయి. ఐ-373ని 1945 ఆగస్టు 14న అమెరికా సబ్‌మెరైన్ స్పైక్‌ఫిష్ ముంచేసింది. మర్నాడే జపాన్ చక్రవర్తి రేడియోలో లొంగిపోతున్నామని చెప్పాడు. ఒక్క రోజు ఆగి ఉంటే ఆ సిబ్బంది ఇళ్లకి వెళ్లేవాళ్లు.

ఇంజనీర్లు అడిగింది చేసిపెట్టారు. కానీ సముద్రం మీద, ఆకాశంలో పట్టు పోయాక ఏ డిజైన్ అయినా ఆ ఆకలి తీర్చగలిగేదా? మీరేమంటారో కామెంట్‌లో చెప్పండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం!