డెలివరీ డ్రైవరు ఇంటర్వ్యూకు వెళ్ళే మన పిల్లలకు
(ఖరగ్‌పూర్ మలంచాలో రైల్వే, తపాలా ఉద్యోగుల కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుండి మన పెద్దలు బెంగాల్ నాగపూర్ రైల్వేలో పని వెదుకుకొంటూ ఈ ఊరు చేరినారు. వారి జీతం తక్కువ, క్వార్టరు ఇరుకు. అయినా పని ఇచ్చిన యజమాని ఎవరో వారికి తెలుసు. ఆ యజమాని కార్మికులను తొలగించబూనినందుకే 1927లో ఇక్కడి వర్క్‌షాపు కార్మికులు సమ్మెకు దిగినారు. శ్రీ వి.వి. గిరి వంటి నాయకులు వారి పక్షాన నిలిచినారు. 1974 మే 8 నుండి 27 వరకు దేశవ్యాప్తంగా రైళ్ళు ఆపినప్పుడు కూడా ఎవరితో తలపడుతున్నామో మనకు సందేహం లేదు. ఈనాడు మీ పిల్లవాడు డెలివరీ పనికి వెళ్తే అతని యజమాని ఎవరు? ఇంటర్వ్యూకు సిద్ధమగుట గురించి మాట్లాడమని నన్ను పిలిచినారు గాని, ఆ సిద్ధపాటంతా నా దృష్టిలో ఈ ప్రశ్న చుట్టూ తిరుగుతున్నది.

ముందు ఒక మాట తండ్రులతో. "మావాడు ఏదో చూసుకొంటున్నాడండీ" అని మాట దాటవేయడం ఈ మలంచాలో నేను చాలాసార్లు విన్నాను. సరుకు ఇంటింటికీ చేర్చడం నామోషీ ఎట్లాగైనది? ఎండలో వానలో సంచి భుజాన వేసుకొని తిరిగిన పోస్ట్‌మాన్ మన సభ్యుడే గదా! అదే పని ఆ యువకుడు చేస్తున్నాడు. మీకున్న పెన్షను, సెలవు, వైద్యం అతనికి లేవు, అంతే తేడా. సిగ్గుపడవలసినది అతను కాదు.

డెలివరీ డ్రైవరు ఉద్యోగమనే పేరు క్రింద మూడు వేరు వేరు సంగతులు దాగి ఉన్నవి. మొదటిది తపాలా శాఖ మెయిల్ మోటార్ సర్వీసు. అక్కడి డ్రైవరు పోస్టుకు పదవ తరగతి, తేలిక, భారీ వాహనాలు రెండింటికీ లైసెన్సు, మూడేళ్ళ అనుభవం, చిన్న చిన్న లోపాలను సరిచేయగల యంత్రపరిజ్ఞానం అడుగుతారు. ఏడవ వేతన సంఘపు స్కేలులో ప్రారంభ మూలవేతనం 19,900 రూపాయలు. కేంద్ర ప్రభుత్వ గ్రూప్-సి పోస్టులకు 2016 జనవరి 1 నుండి ఇంటర్వ్యూ రద్దయినది. డ్రైవింగు పరీక్ష ఉంటుంది. కనుక అక్కడ ఇంటర్వ్యూలో చూసుకొంటానని డబ్బు అడిగే దళారి ఎవరైనా వస్తే వాడు మోసగాడని వెంటనే గ్రహించండి. రెండవది కొరియరు లేక సరకుల కంపెనీ వ్యానుకు నెలజీతం డ్రైవరు. మూడవది సొంత మోటారు సైకిలుపై పార్శిళ్ళో భోజనమో చేరవేస్తూ ఖేపుకింతని తీసుకొనే 'పార్ట్‌నరు'. పిలుపు వచ్చినది ఈ మూడింటిలో దేనికో తెలుసుకొన్న తరువాతనే చొక్కా ఇస్త్రీ చేయండి.

లైసెన్సు విషయంలో మన పిల్లలు అనవసరంగా బెదిరి వెనక్కి వస్తున్నారు. తేలిక వాహనపు లైసెన్సు ఉన్నవాడు మొత్తం బరువు 7,500 కిలోల లోపు రవాణా వాహనాన్ని, ప్రత్యేక అనుమతి లేకుండానే నడపవచ్చునని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న తీర్పు చెప్పినది. చిన్న వ్యానులకు అది చాలును. అయితే రవాణా వాహనం నడపడానికి చట్టప్రకారం ఇరవై ఏళ్ళు నిండాలి. పద్దెనిమిదేళ్ళ కుర్రవాణ్ణి వ్యాను ఎక్కించే కాంట్రాక్టరు అతనికి మేలు చేస్తున్నట్లు కాదు.

ఇక ఇంటర్వ్యూ. లైసెన్సు, ఆధార్, పాన్, బ్యాంకు పాసుబుక్కు, సొంత వాహనమైతే రిజిస్ట్రేషను, ఇన్సూరెన్సు, కాలుష్య ధ్రువపత్రం, వీటి నకళ్ళు ఒక కవరులో ఉంచుకోండి. అసలు కాగితాలు చూపించండి, ఎవరివద్దా వదలిరాకండి. వాహనం చేతికిచ్చి నడపమన్నప్పుడు తాళం త్రిప్పుటకు ముందు దిగి ఒక చుట్టు తిరగండి. టైర్లు, బ్రేకు, లైట్లు, ఇంజను ఆయిలు, అద్దాలు చూడండి. పరీక్షించేవాడు మీ వేగంకంటె దీనినే గమనిస్తాడు. రివర్సు, ఇరుకులో నిలపడం గోల్‌బజారు సందుల్లో నేర్చుకొన్నవాడికి ఎక్కడా కష్టం కాదు.

ప్రశ్నలు సామాన్యంగా ఇట్లా ఉంటవి: ఇంట్లో మనిషి లేడు, ఏమి చేస్తావు? పెట్టె చిరిగి ఉన్నది, తీసుకోనంటున్నాడు, ఏమి చేస్తావు? సాయంత్రం నగదు లెక్కలో రెండు వందలు తగ్గినవి, ఏమి చేస్తావు? వీటికి జవాబులు బజారులో కొన్న పుస్తకంలో వెదకనక్కరలేదు. ఇంటిలో పోస్ట్‌మాన్ ఉంటే ఆయన ప్రక్కన ఒక గంట కూర్చోండి. ఇంటిమేషను వదలుట, రిమార్కు వ్రాసి పార్శిలు తిరిగి డిపాజిట్ చేయుట, సంతకం లేనిదే వస్తువు ఇవ్వకుండుట ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. కంపెనీలు క్యాష్ ఆన్ డెలివరీ అంటూ కొత్తగా చెప్పుకొనేది మన పాత వి.పి. పార్శిలే. తెలియనిచోట తెలియదనండి. ప్రమాదం జరిగితే ఏమి చేస్తావన్న ప్రశ్నకు మాత్రం తడుముకోవద్దు: గాయపడినవారికి వైద్యం అందించుట, పోలీసులకు తెలుపుట డ్రైవరు చట్టబద్ధ విధి.

వారి ప్రశ్నలు ముగిసిన తరువాత మీ వంతు. ఇక్కడ ఒక సంగతి చెప్పక తప్పదు. మన శాఖలో ముప్పై ఏళ్ళు సభ్యుడుగా ఉన్న వర్క్‌షాపు సోదరుని కుమారుడు ఇటువంటి పనిలో చేరినాడు. వర్షం పడుతున్న రాత్రి బండి జారి తొడ ఎముక విరిగినది. మూడు నెలలు మంచం. కంపెనీ నుండి వచ్చినది ఫోనులో ఒక సందేశం: మీరు మా ఉద్యోగి కారు, ఒప్పందం చూసుకొనండి. ఆ ఒప్పందాన్ని అతను చదవలేదు, ఫోనులో 'సమ్మతమే' అన్న మీట నొక్కినాడు. ఇంటిలో ఎవరూ చదవలేదు. చేరిన వారంలో మిఠాయి తెచ్చి పెట్టినప్పుడు నేనైనా అడిగినానా? అడగలేదు. మిఠాయి తిని దీవించి పంపినాను.

లోకో పైలట్లు ఈ సభలో ఉన్నారు. కాషన్ ఆర్డరు చదవకుండా సంతకం చేసి బండి తీస్తారా? ఏ కిలోమీటరు వద్ద ఎంత వేగమో తెలిసిన తరువాతనే గదా సంతకం! మీ పిల్లవాడి ఒప్పందాన్ని అట్లాగే చదవండి. నియామకపత్రం ఇస్తారా? పి.ఎఫ్., ఈ.ఎస్.ఐ. కోత ఉన్నదా? ఎనిమిది గంటలు దాటితే లెక్క ఏమిటి? పెట్రోలు, మరమ్మతు ఎవరివి? పోయిన పార్శిలు ఖరీదు ఎవరి జీతం నుండి? ఐడీ నిలిపివేస్తే ఎవరికి చెప్పుకోవాలి? మర్యాదగా, గొంతు పెంచకుండా అడగండి. ఇట్లా అడిగినందుకే ఉద్యోగం ఇవ్వనివారూ ఉంటారు. అవసరం ఒత్తిడి చేసి, తెలిసి తెలిసి చేరవలసిన ఇళ్ళూ ఉన్నవి. వారిని నేను తప్పుపట్టను. తెలియక చేరవద్దన్నదే నా మనవి.

సొంత బండి వారు ఇన్సూరెన్సు పత్రంలో 'ఉపయోగ పరిమితులు' అన్న భాగం తప్పక చూడండి. సొంత వాడకపు పాలసీలో కిరాయికి, సరకు రవాణాకు వాడరాదని సాధారణంగా ఉంటుంది. రోజంతా పార్శిళ్ళు మోసే బండికి ఆ పాలసీ ఆపదలో అక్కరకు రాకపోవచ్చు.

నాలుగు లేబర్ కోడ్లపై మన అభ్యంతరాలు వేరే సభకు సంబంధించినవి. అయినా 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లో ప్లాట్‌ఫారం కార్మికుడన్న మాట చట్టానికి ఎక్కినది. కంపెనీలు వార్షిక టర్నోవరులో ఒకటి నుండి రెండు శాతం, ఈ కార్మికులకు చెల్లించే మొత్తంలో అయిదు శాతం మించకుండా, వారి సంక్షేమ నిధికి ఇవ్వవలెను. కనీసవేతనం మాటగాని, పనిగంటల మాటగాని ఈ కార్మికులకు అందులో లేదు. ఉన్నంతవరకైనా దక్కాలంటే పేరు నమోదై ఉండాలి గనుక, ఆధార్‌తో ఈ-శ్రమ్‌లో నమోదు చేయించుకోండి.

వచ్చే ఆదివారం ఉదయం పది గంటలకు యూనియను ఆఫీసులో నేను, ఇద్దరు రిటైర్డు మిత్రులు కూర్చొంటాము. చేరబోయేవారు, ఇప్పటికే చేరినవారు కూడ, ఒప్పందం కాగితమైతే కాగితం, ఫోనైతే ఫోను పట్టుకొని రండి. ఇంగ్లీషులో ఉన్నా ఫరవాలేదు. మొదటి పుట నుండి చదువుదాము.