నీళ్ళు నిండకముందే



పోయిన స్కూలు సెలవుల్లో మేము కుటుంబమంతా థాయిలాండ్ దక్షిణాన ఉన్న ఖావో సోక్ నేషనల్ పార్కుకు వెళ్ళాం. అక్కడ చియావ్ లాన్ అని ఒక పెద్ద సరస్సు ఉంది. పొడుగాటి పడవలో కూర్చుంటే రెండు పక్కలా నిలువెత్తు సున్నపురాతి కొండలు, మధ్యలో పచ్చటి నీళ్ళు, నీళ్ళలో చిన్నా పెద్దా దీవులు. కెమెరా కింద పెట్టబుద్ధి కాలేదు. అక్కడక్కడా ఎండిపోయిన చెట్ల మోళ్ళు నీళ్ళలోంచి పైకి పొడుచుకుని ఉన్నాయి. మా చిన్నమ్మాయి వాటిని చూసి, "నాన్నా, సరస్సులో చెట్లెలా మొలిచాయి?" అని అడిగింది. "చెట్లు నీళ్ళలో మొలవలేదమ్మా, నీళ్ళే చెట్ల మీదికి వచ్చాయి" అన్నాను. అనడమైతే అన్నాను గానీ, ఆ నీళ్ళు వచ్చినప్పుడు ఏం జరిగిందో నాకూ తెలియదు. ఇంటికొచ్చాక చదివి తెలుసుకున్నాను. ఈ పూట ఆ సంగతే మీతో చెప్పుకోవాలని వచ్చాను.

ఆ సరస్సు ఆనకట్ట వల్ల వచ్చింది. ఖ్లోంగ్ సేంగ్ అనే నదికి అడ్డంగా 94 మీటర్ల ఎత్తున కట్టారు. ఆనకట్ట పేరు రచ్చప్రఫా. మన నోటితో పలికితే "రాజ్యప్రభ", అంతే. దాని నుంచి వచ్చే కరెంటు 240 మెగావాట్లు. నీళ్ళ కింద పోయింది 165 చదరపు కిలోమీటర్ల పైమాటే. అదంతా రక్షిత అడవుల నడుమ ఉన్న నదీలోయ.

అభయారణ్యాల్లోనే ఆనకట్టలు ఎందుకు కడతారని మీకు అనుమానం రావచ్చు. ఉష్ణమండలంలో కొండల మధ్య నది ఇరుకైన చోట ఇంజనీరుకు మంచి స్థలం దొరుకుతుంది. అలాంటి కొండల్లోనే అడవి కూడా మిగిలి ఉంటుంది. మైదానాల్లో అడవిని మనం ఏనాడో కొట్టేసి పొలాలు, తోటలు వేసుకున్నాం కదా! పైగా అడవిలో నది ఒడ్డున ఉండే పల్లపు భాగమే జంతువులకు ప్రాణం. ఎండాకాలంలో నీళ్ళు, మేత దొరికేది అక్కడే. జలాశయం ముందుగా మింగేదీ ఆ పల్లాన్నే. అడవిలో ఇంత శాతమే మునుగుతుందని లెక్క చెప్పినప్పుడు, ఆ మునిగేది ఏ భాగమో కూడా అడగాలి.

1986లో నీళ్ళు నిలబెట్టడం మొదలైంది. నీళ్ళు పెరిగే కొద్దీ జంతువులు ఎత్తులకు ఎక్కాయి. ఆ ఎత్తులు దీవులయ్యాయి. చిన్న దీవులు కొన్నాళ్ళకు అవీ మునిగాయి. అప్పుడు అక్కడ చిక్కుకున్న జంతువులను కాపాడే పనిని స్యూబ్ నాఖసథియన్ అనే అటవీ అధికారికి అప్పగించారు. ఆయన తన బృందంతో పడవల్లో తిరుగుతూ, మునుగుతున్న చెట్ల కొమ్మల మీద వేలాడుతున్న కొండముచ్చులను, పాములను, ఈదలేక అలసిపోయిన జంతువులను పట్టి ఒడ్డుకు చేర్చారు. అలా 1,300 పైచిలుకు ప్రాణులను బయటికి తెచ్చారు. కానీ భయంతో, ఆకలితో నీరసించినవి చాలా వరకు బతకలేదు. అంత పెద్ద అడవిలో ఆ బృందం చెయ్యి అందినవి ఎన్ని, అందనివి ఎన్ని?

ఆ పని పూర్తయ్యేసరికి ఆయన మనసు మారిపోయింది. నీళ్ళు వచ్చాక కాపాడటమనేది కాపాడటమే కాదని ఆయనకు అర్థమైంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే నామ్ చోన్ అనే మరో ఆనకట్ట కట్టాలన్న ప్రయత్నం జరుగుతోంది. అది థాయిలాండ్ పడమట, ఖ్వే యాయ్ నది ఎగువన, తుంగ్ యాయ్ నరేసువాన్ అభయారణ్యంలో. ఖ్వే నది అంటే మన మలేషియా తెలుగువాళ్ళ పెద్దలకు వేరే చెప్పక్కర్లేదు. జపానువాళ్ళ కాలంలో మలయా తోటల నుంచి తీసుకుపోయిన మనవాళ్ళు, తమిళులు ఎందరో సయాం మరణ రైలు కోసం ప్రాణాలు పోగొట్టుకున్నది ఆ లోయల్లోనే. నామ్ చోన్ చర్చల్లో స్యూబ్ తాను చియావ్ లాన్‌లో కళ్ళారా చూసినది జనానికి చెప్పారు. విద్యార్థులు, శాస్త్రజ్ఞులు, కాంచనబురి ప్రజలు గొంతు కలిపారు. 1988లో ప్రభుత్వం ఆ ప్రాజెక్టును పక్కన పెట్టింది.

తర్వాత ఆయన హువాయ్ ఖా ఖేంగ్ అభయారణ్యానికి అధికారిగా వెళ్ళారు. దొంగ వేటగాళ్ళు, కలప దొంగలు ఒక పక్క, పట్టించుకోని పెద్దలు ఒక పక్క. 1990 సెప్టెంబరు 1న, నలభై ఏళ్ళ వయసులో, తన ప్రాణం తానే తీసుకున్నారు. ఆ నిర్ణయాన్ని నేను మెచ్చుకోలేను. అలాంటి మనిషిని ఒంటరిగా వదిలేసినందుకు బాధపడగలను, అంతే. మరుసటి సంవత్సరం, 1991లో, ఆయన శ్రమపడి తయారుచేసిన ప్రతిపాదన ఫలించి, ఆ రెండు అభయారణ్యాలనూ యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 2013లో ఆయన పేరిట ఉన్న ఫౌండేషన్ కార్యదర్శి శశిన్ చలెర్మ్‌లాప్, మే వోంగ్ నేషనల్ పార్కులో తలపెట్టిన ఆనకట్టను వ్యతిరేకిస్తూ బ్యాంకాక్ దాకా 388 కిలోమీటర్లు నడిచారు. నగరం చేరేసరికి వేలమంది ఆయన వెంట నడుస్తున్నారు.

మరి చియావ్ లాన్ దీవుల సంగతేమిటి? శాస్త్రజ్ఞులు 1990లలో ఒకసారి, సుమారు పాతికేళ్ళ నాటికి మరోసారి ఆ దీవుల మీద చిన్న జంతువులను లెక్కపెట్టి, 2013లో ఫలితాలు ప్రకటించారు. చిన్న దీవుల మీద అయిదారేళ్ళకే అడవి జాతులు దాదాపు పోయాయి. పెద్ద దీవుల మీద కాస్త ఆలస్యంగా, పాతికేళ్ళకు. వాటి చోట బయటినుంచి వచ్చిన ఒక ఎలుక జాతి రాజ్యమేలుతోంది. చెట్లు పచ్చగానే ఉన్నాయి. నేను ఫోటోలు తీసింది ఆ పచ్చదనాన్నే.

కరెంటు వద్దని నేను అనను. ఈ మాటలు మీకు చేరుతున్నదీ కరెంటుతోనే. గోదావరి మీద పాపికొండలు 2008లో నేషనల్ పార్కు అయ్యాయి. పోలవరం నిండితే అందులోనూ కొంత అడవి మునుగుతుంది. ఆ నీళ్ళ విలువ రైతు కుటుంబంలో పుట్టినవాడిగా నాకు తెలుసు. నేను అడిగేదల్లా ఒక్కటే. ఏం పోతుందో లెక్క ముందే తేల్చాలి, అందరికీ వినబడేలా చెప్పాలి. గేట్లు మూసేశాక పడవలు పంపితే లాభం లేదు.

ఈసారి సెలవుల్లో మీరు తెరెంగానులోని కెన్యిర్ సరస్సుకు వెళితే, అక్కడి మూడువందల పైచిలుకు దీవులు ఒకప్పటి కొండశిఖరాలని పిల్లలకు చెప్పండి. కింద ఏముండేదని వాళ్ళు తప్పకుండా అడుగుతారు. నాలాగా కాకుండా, మీరు జవాబు తెలుసుకునే పడవెక్కండి.