మొదటి లారీ కొనేముందు

విజయవాడ ఆటోనగర్‌లో పాత లారీల బేరానికి వచ్చేవాళ్లలో, ఏళ్లతరబడి పరాయి బండి తోలిన డ్రైవర్లు ఉంటారు. వాళ్లలో చాలామంది ముందు ధర అడుగుతారు. నిజానికి ముందు తేలాల్సింది సరుకు: ఏ లోడు, ఏ రూటు, తిరుగు కిరాయి దొరుకుతుందా లేదా? 2018లో కేంద్రం యాక్సిల్ లోడు పెంచడంతో పది చక్రాల లారీ బండి బరువుతో కలిపి 25 టన్నుల నుంచి 28.5 టన్నులకు వెళ్లింది. అయినా రోడ్డు మీద లెక్కకు వచ్చేది ఆర్‌సీలో రాసిన బరువే.

అసలు చిక్కంతా అప్పులో ఉంది. పది లక్షలకు పది శాతం ఫ్లాట్ వడ్డీ, నాలుగేళ్ల గడువు అనుకుందాం. వడ్డీ నాలుగు లక్షలు, నెల వాయిదా దాదాపు 29,167 రూపాయలు. అసలు తీరుతున్నా వడ్డీ మాత్రం మొదటి పది లక్షల మీదే పడుతుంది. తగ్గే బాకీ మీద లెక్క కడితే అది 17 శాతం దాటుతుంది! ఈ తేడాను కాగితం మీద రాయించుకోకుండా సంతకం పెట్టడం ప్రమాదమే.

పాత బండైతే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించి పొగ చూడాలి. ఛాసిస్‌కు వెల్డింగ్ అతుకులున్నాయేమో తడిమి చూడాలి. ఎనిమిదేళ్లు దాటిన లారీకి ఏటా ఫిట్‌నెస్ తప్పదు. ఆర్‌సీలో పాత ఫైనాన్స్ కంపెనీ పేరు మిగిలి ఉంటే, అప్పు తీరినట్టు ఆ కంపెనీ ఇచ్చే ఎన్‌ఓసీ, ఫారం 35 చేతికొచ్చాకే మిగతా డబ్బు ఇవ్వడం క్షేమం.

టైర్లకూ బీమాకూ విడిగా సొమ్ము దాచుకున్న డ్రైవరు, కిరాయి లేని నెలలోనూ వాయిదా కట్టగలడు.