గుబులు పడే బిడ్డకు మందు బిచ్చం కాదు, హక్కు

(శామీర్‌పేట మండలంలోని ఒక దళితవాడలో, మేడ్చల్, శామీర్‌పేట ప్రాంత కార్యకర్తల సభలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



భూమి గురించి, కూలి గురించి, హాస్టళ్ల గురించి మనం ఎన్నో సభల్లో మాట్లాడుకున్నం. ఇవాళ తలుపు వెనక దాచిపెట్టిన ఒక సంగతి మాట్లాడుకుందాం. మీ వాడల్లో కూడా చూసే ఉంటరు. పదమూడు, పధ్నాలుగేళ్ల పిల్లగాడు. పిలిస్తే పలకడు. కండ్లలోకి చూడడు. రోజూ అదే పళ్లెంలో అన్నం పెట్టాలె, అదే తొవ్వల బడికి పోవాలె. బస్సు హారన్ కొడితే చెవులు మూసుకుని కూలబడిపోతడు.

ఊరు వానికి పెట్టిన పేర్లు మనకు తెలుసు. పిచ్చోడు, మెంటలోడు, గాలి సోకినోడు. డాక్టర్లు చెప్పే పేరు ఆటిజం. ఇది గాలీ కాదు, ధూళీ కాదు, పూర్వజన్మ పాపం అంతకన్నా కాదు. మెదడు ఎదిగే తీరులోనే చిన్నప్పటి నుంచి ఉండే తేడా. 1943లో అమెరికాలో లియో కానర్ అనే డాక్టర్ 11 మంది పిల్లలను చూసి దీని గురించి రాశాడు. ఆ తర్వాత చాలా ఏండ్లు అక్కడ కూడా తల్లులనే నిందించారు. తల్లి ప్రేమ చూపకనే బిడ్డ ఇట్లయిండు అన్నరు. అది అబద్ధమని తేలిపోయింది. మరి మన దగ్గర? "నువ్వు కూలికి పోయి ఇడిసిపెడితివి, గందుకే గిట్లయిండు" అని అత్త అంటది, మొగుడు అంటడు, వాడంతా అంటది. ఈ మాట ఇవాల్టితో బంద్ కావాలె.

ఇప్పుడు అసలు సంగతి. ఆటిజం వేరు, దానికి తోడు వచ్చే గుబులు వేరు. ఆటిజం ఉన్న పిల్లల్లో పదిమందికి నలుగురి దాకా ఈ గుబులు జబ్బుగా మారుతుందని పరిశోధనలు చెబుతున్నయి. ఇంగ్లీషుల యాంగ్జైటీ అంటరు. వాడు "నాకు భయమైతుంది" అని నోరు తెరిచి చెప్పలేడు. వాని ఒళ్లు చెబుతది. పొద్దున బడి టైముకు కడుపునొప్పి, వాంతి. రాత్రి నిద్ర లేకపోవడం. అడిగిందే ఇరవైసార్లు అడగడం. తల గోడకు కొట్టుకోవడం. మనం దాన్ని మొండితనం అంటం, కట్టె తీసుకుంటం. దెబ్బతో భయం రెట్టింపు అయితది గాని తగ్గదు.

మందు ఉందా అని తల్లులు అడుగుతరు. ఆటిజాన్ని మాన్పే మందు ప్రపంచంలో ఎక్కడా లేదు. మాన్పుతం అని డబ్బులు గుంజేవాణ్ణి నమ్మొద్దు. కానీ గుబులును తగ్గించే మార్గాలున్నయి. మొదటిది మాటల చికిత్స. భయాన్ని బొమ్మలతో, చిన్న చిన్న మెట్లుగా ఎదుర్కోవడం నేర్పుతరు. అది చాలనప్పుడు డాక్టర్లు ఫ్లూఆక్సెటిన్, సెర్ట్రాలిన్ లాంటి మందులు తక్కువ మోతాదుతో మొదలుపెడతరు. అందరికీ ఒకేలా పనిచెయ్యవు. పనిచేస్తే కూడా కొన్ని వారాలు పడుతది. మొదటి వారాల్లో పిల్లవాడు మరీ అస్థిమితంగా ఉన్నా, చచ్చిపోతానన్న మాట వచ్చినా వెంటనే డాక్టరుకు చెప్పాలె. మితిమీరిన కోపానికి, తనను తాను గాయపరుచుకోవడానికి రిస్పెరిడోన్ రాస్తరు. దానితో ఆకలి, బరువు పెరుగుతయి. నెలనెలా ఏఎన్ఎం దగ్గర బరువు తూయించండి. ఏ మందైనా సొంతంగా ఆపొద్దు. ఆర్ఎంపీ ఇచ్చే నిద్రమాత్రలతో కాలం గడపొద్దు.

యాడికి పోవాలె? మేడ్చల్ నుంచి సికింద్రాబాద్ పోయే రోడ్డు మీదనే బోయినపల్లి ఉంది. అక్కడ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి కేంద్ర ప్రభుత్వ సంస్థ నడుస్తుంది, ఇప్పుడు నీపిడ్ అంటున్నరు. మన దేశంలో ఆటిజాన్ని కొలిచే 'ఇసా' అనే కొలమానం తయారైంది అక్కడే. పరీక్షలు, మాట నేర్పడం, తల్లిదండ్రులకు శిక్షణ అక్కడ దొరుకుతయి. మందు కోసం ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి, లేదా గాంధీ ఆసుపత్రిలో మానసిక విభాగం. శామీర్‌పేట వాళ్లు జేబీఎస్‌లో దిగి మెట్రో ఎక్కితే గాంధీ స్టేషన్ ఉంది. ఇల్లు కదలలేని రోజు 14416కు ఫోన్ చెయ్యండి. 2022లో మొదలైన టెలిమానస్ అది. తెలుగులో మాట్లాడుతరు, పైసా ఖర్చు లేదు.

"ఎర్రగడ్డకా!" అని కొందరు ఉలిక్కిపడతరు. మన భాషలో ఆ ఊరి పేరే తిట్టయింది. కులం పేరును తిట్టుగా వాడితే ఎట్ల మండుతదో మనకంటే ఎక్కువ తెలిసినోళ్లు ఎవరు? మరి జబ్బు పేరును మనమే తిట్టుగా ఎట్ల వాడుతున్నం?

ఇంక చట్టం మాట. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని గుర్తించింది. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉంటే 6 నుంచి 18 ఏండ్ల దాకా ఉచిత చదువు హక్కు. పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి అడగొచ్చు. అదే సర్టిఫికెట్‌తో పింఛన్‌కు దరఖాస్తు పెట్టొచ్చు. 2023లో అది 4,016 రూపాయలయింది. వికలాంగుణ్ణి నలుగురి ముందు కావాలని అవమానిస్తే 92వ సెక్షన్ కింద 6 నెలల నుంచి 5 ఏండ్ల దాకా జైలు. 1989 అట్రాసిటీ చట్టం గుర్తొస్తుంది కదా!

గుబులుకు వేరే తలుపు ఉంది. అది 2017 మానసిక ఆరోగ్య చట్టం. పేదలకు, బీదరికపు కార్డు చేతిలో లేకపోయినా, సర్కారు దవాఖానలో ఉచిత వైద్యం చెయ్యాలె. అత్యవసర మందుల జాబితాలో ఉన్న మందులు సామాజిక ఆరోగ్య కేంద్రం నుంచి పై ఆసుపత్రుల దాకా ఎప్పుడూ ఉచితంగా ఉండాలె. రోగిని గొలుసులతో కట్టడం నేరం. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో పాక మంటల్లో 28 మంది మాడిపోయిండ్రు. గొలుసులకు కట్టేసి ఉన్నరు గనక పారిపోలేకపోయిండ్రు. మన ఇండ్లల్లో తలుపుకు గొళ్లెం పెట్టే ముందు ఆ పాకను యాది చేసుకోండి.

మన గడ్డను చూడండి. ఆ 2016 చట్టం ముసాయిదా పనిలో పాలుపంచుకున్న అమితా ధండా గారు ఈ శామీర్‌పేటలో ఉన్న నల్సార్ లా యూనివర్సిటీలో అధ్యాపకురాలిగా పనిచేసిండ్రు. కరోనా కాలంలో దేశానికి కొవాక్సిన్ టీకా పోయింది ఇక్కడి జీనోమ్ వ్యాలీ నుంచే. చట్టం చదివేది మన పక్కన. మందు తయారయ్యేది మన పొలాల పక్కన. అయినా మన బిడ్డకు ఒక నెల మాత్రలు తేవాలంటే తల్లి ఒకరోజు కూలి పోగొట్టుకుని పట్నం పోవాలె. ఆ నెల కూలి దొరకకపోతే మందు ఆగిపోతది, పిల్లవాడు మళ్లా మొదటికి వస్తడు. ఈ దూరం ఆ తల్లి ఒక్కతే తీర్చేది కాదు. సంఘం తీర్చాలె.

అందుకే కార్యకర్తలకు నాలుగు పనులు చెబుతున్న.

ఒకటి, ప్రతి వాడలో ఇట్లాంటి పిల్లల కుటుంబాలను కలవాలె. వాళ్లు ఒప్పుకుంటేనే పేరు రాసుకోవాలె, బజారున పెట్టొద్దు.

రెండు, దవాఖానకు తల్లిని ఒంటరిగా పంపొద్దు. తోడు ఒకరు పోవాలె. ఎప్పుడు గుబులు వస్తది, ఎంతసేపు ఉంటది, ఏం తింటడు, ఎంత నిద్రపోతడు, ఇవన్నీ కాయితం మీద రాసుకుపోవాలె. డాక్టరుకు ఆ కాయితమే కండ్లు.

మూడు, బడి. భవిత కేంద్రం టీచర్లతో మాట్లాడాలె. వానికి ఒక నిశ్శబ్దమైన మూల ఇవ్వాలె. రేపు ఏం జరుగుతదో ఇవాళే బొమ్మ గీసి చెప్పాలె. డప్పు మన గౌరవం, అందుల అనుమానం లేదు. కానీ వాని ఇంటి ముందర డప్పు గాని డీజే గాని మోగించే ముందు చెప్పండి, వాణ్ణి దూరంగా తీసుకుపోయే టైం ఇవ్వండి.

నాలుగు, మేడ్చల్‌లో, శామీర్‌పేటలో వారానికి ఒకరోజు మానసిక వైద్యుడు కూచోవాలె, మందు అక్కడే ఇవ్వాలె. ఈ డిమాండ్‌తో సంతకాలు పట్టి కలెక్టరు గారికి ఇద్దాం. 18వ సెక్షన్ చూపించి అడుగుదాం.

పోయిరావడానికి ఛార్జీలు లేని తల్లికి ఈ నెల చందాలోంచి ఇవ్వాలని సంఘం ముందు నేను తీర్మానం పెడుతున్న. ఒప్పుకునేవాళ్లు చెయ్యెత్తండి.

జై భీమ్!